వాడకుండానే పీకేసిన ప్యాడ్లు

చెన్నై కొళత్తూరులో నాది చిన్న మందుల షాపు. సొంతూరు సూళ్ళూరుపేట దగ్గర. ఏళ్ళ తరబడి కౌంటర్ వెనక నిలబడి గుండె మందులు అమ్ముతున్నాను కాబట్టి హార్ట్ ఎటాక్ సంగతి నాకు బాగానే తెలుసనుకునేవాణ్ణి. రక్తనాళం మూసుకుపోతుంది, దాన్ని తెరవాలి, అంతే. నా దాకా వచ్చాక తెలిసింది, నాళం మూసుకుపోవడం ఒక గొడవ అయితే దానివల్ల గుండె లయ తప్పడం ఇంకో గొడవ అని. మొదటి గంటల్లో మనిషిని ఉన్నపళంగా పడగొట్టేది ఎక్కువగా ఈ రెండోదే. స్టెంట్ ఎలా వేశారు, ఎంతయింది అని అందరూ అడిగారు. లయ తప్పకుండా ఏం చేశారని ఎవరూ అడగలేదు. అది చెప్తాను.

ఆ సాయంత్రం ఎక్స్‌పైరీ అయిన స్టాకు అట్టపెట్టెలో సర్దుతున్నాను. మొదట పొట్ట పైభాగంలో పట్టేసింది. తర్వాత ఛాతీ మధ్యలో బరువు, దవడ లాగడం. ఫ్యాన్ కిందే ఉన్నా చొక్కా తడిసి ముద్దయింది. వాంతి వస్తోంది గానీ రావట్లేదు. షాపులో కుర్రాడు "అణ్ణా, ఉక్కారుంగ" (కూర్చోండి) అంటూ స్టూలు లాగాడు. మణికట్టు పట్టుకుని చూసుకుంటే నాడి నిమిషానికి 48. భయపడితే నాడి పరుగెత్తాలి, ఇది వెనక్కి పోతోంది. నాకు అసలు టెన్షన్ అక్కడ మొదలైంది. బీపీ మిషను 94/60 చూపించింది.

ఎదురు క్లినిక్ డాక్టరుకి ఫోన్ చేస్తే లోడింగ్ డోస్, అంటే మొదట ఒక్కసారే వేసే పెద్ద మోతాదు, వేసుకుని వెంటనే బయల్దేరమన్నారు. ఆస్పిరిన్ 150వి రెండు నమిలాను, క్లోపిడోగ్రెల్ 75వి నాలుగు, అటోర్వాస్టాటిన్ 80 మింగాను. తమిళనాడు ప్రభుత్వం 2023లో మొదలుపెట్టిన "ఇదయం కాప్పోం" పథకంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గుండెపోటు అనుమానం ఉన్నవాళ్ళకి ఇచ్చేవి కూడా ఇవే. అలాగని ఛాతీ నొప్పి రాగానే ఎవరికి వాళ్ళు మింగేయకండి. నొప్పి బృహద్ధమని చిరగడం వల్ల వచ్చిందైతే రక్తం గడ్డకట్టనివ్వని ఈ మాత్రలే కొంప ముంచుతాయి. పక్క కొట్టాయన రక్తనాళాల్ని వదులు చేసే సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టుకోమని ఒకటే పోరు. బీపీ అంత కిందున్నప్పుడు అది పెడితే ఇంకా పడిపోతుంది, అందులోనూ గుండె కుడివైపు దెబ్బతిని ఉంటే మరీను. వద్దన్నాను.

ఈలోపు మా బావమరిది కారు తెచ్చాడు. "బావా, ఎక్కు, పావుగంటలో పోదాం" అని కంగారు. నేను 108 వచ్చేదాకా కదలనన్నాను. గుండెపోటు మొదలైన తొలి గంటలో వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ రావచ్చు. అంటే గుండె కింది గదులు కొట్టుకోవడం మానేసి ఉత్తినే వణుకుతుంటాయి, రక్తం ముందుకు పోదు, క్షణాల్లో స్పృహ పోతుంది. దానికి మందు కరెంటు షాకే. షాక్ ఆలస్యమైన ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతూ పోతుంది. "దారిలో అట్టా అయితే నీ దగ్గర ఏముందిరా, స్టెప్నీ తప్ప?" అన్నాను. వాడికి కోపమొచ్చింది. ఇప్పటికీ ఆ మాట ఎత్తి దెప్పుతాడు.

అంబులెన్స్ కుర్రాడు ఎక్కించగానే ఛాతీకి వైర్లు తగిలించి మానిటర్ పెట్టాడు, కరెంటు షాక్ ఇచ్చే మిషను, డిఫిబ్రిలేటర్, తన మోకాలికి ఆనించి పెట్టుకున్నాడు. రెట్టేరి సిగ్నల్ నుంచి పాడి దాటేదాకా నా మొహం వైపు ఒక్కసారి కూడా చూడలేదు, కళ్ళన్నీ తెర మీదే. ఆ పక్కచూపు చూడకపోవడమే నాకు ధైర్యాన్నిచ్చింది. ఫోన్లో ఆసుపత్రికి ముందే చెప్పేశాడు కాబట్టి ఎమర్జెన్సీ గుమ్మం దగ్గరే స్ట్రెచర్ ఉంది.

ఈసీజీ నిమిషాల్లో అయిపోయింది. రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్టీ ఎలివేషన్, అంటే నాళం మూసుకుపోయిందనడానికి గుర్తు. వైర్లు కుడివైపుకి మార్చి ఇంకోటి తీశారు. "ఇన్‌ఫీరియర్ వాల్" అని ఎవరో గట్టిగా చెప్పారు. గుండె అడుగు భాగానికి రక్తం తెచ్చేది చాలామందిలో కుడి కరోనరీ అనే నాళం. పై గదుల నుంచి కింది గదులకి సంకేతం దాటించే ఏవీ నోడ్‌కి కూడా ఎక్కువమందిలో అక్కణ్ణుంచే రక్తం వెళ్తుంది. నా నాడి ఎందుకు మెల్లగా నడుస్తోందో అప్పుడర్థమైంది.

వార్డ్ బాయ్ పొడి రేజరు తీసుకుని ఛాతీ మీద జుట్టు గీకడం మొదలుపెట్టాడు. సబ్బు లేదు, నీళ్ళు లేవు, బరబరా గీకుడే. రెండు చోట్ల రక్తం చిమ్మింది. కుడి కాలర్ ఎముక కింద ఒకటి, ఎడమ చంక కింద పక్కటెముకల మీద ఒకటి, అరచేతికన్నా పెద్ద షాక్ మిషను ప్యాడ్లు రెండు అంటించారు. లోపలి జెల్ ఎంత చల్లగా ఉందంటే ఆ నొప్పిలో కూడా ఒళ్ళు జలదరించింది. నర్సు బొటనవేలితో అంచుల చుట్టూ నొక్కుకుంటూ వచ్చింది, గాలి బుడగ ఒకటి కనిపిస్తే అక్కడ ఇంకాసేపు అదిమింది. గాలి ఉంటే కరెంటు సరిగా దిగదు, చర్మం కూడా కాలుతుంది. జుట్టు గీకింది కూడా అందుకే.

"ఇప్పుడు షాక్ ఇస్తారామ్మా?" అన్నాను తెలుగులోనే, నోటికి తమిళం రాలేదు. డ్యూటీ డాక్టరు తిరుపతి అమ్మాయట, అదృష్టం. "ఇవ్వను అంకుల్. ఇవ్వాల్సి వస్తే అప్పుడు ప్యాడ్ల కోసం వెతుక్కోకూడదు. క్యాత్ ల్యాబ్‌లో, అదే స్టెంట్ వేసే గదిలో, మీ మీద గుడ్డలు కప్పేస్తారు, ఎక్స్‌రే తల ఛాతీ మీదకి దిగుతుంది. అప్పుడు గీకి, తుడిచి, అంటించే టైమ్ ఎక్కడిది?" అంది. నాడి మరీ పడిపోతే అవే ప్యాడ్ల నుంచి పైనుంచే పేసింగ్ కూడా, అంటే గుండెని కొట్టించే చిన్న కరెంటు దెబ్బలు, ఇవ్వొచ్చని చెప్పింది.

రక్తం తీసి ఎమర్జెన్సీలోనే ఉన్న బ్లడ్ గ్యాస్ మిషన్లో పెట్టారు. పొటాషియం 3.1, తక్కువ. ఆమె మొహం మారింది. "బీపీకి ఏం వాడుతున్నారు?" టెల్మిసార్టాన్‌తో కలిపిన హైడ్రోక్లోరోథయజైడ్. "ఇంకా?" గ్యాస్‌కి రోజూ పొద్దున్నే పాంటోప్రజోల్, చాలా ఏళ్ళుగా. ఆమె తల ఊపింది. ఆ రెండూ నేను రోజుకి ఎన్ని స్ట్రిప్పులు అమ్ముతానో లెక్కలేదు. థయజైడ్ మూత్రంలో పొటాషియం, మెగ్నీషియం రెండింటినీ పోగొడుతుంది. పాంటోప్రజోల్ కోవకి చెందిన మందులు ఏళ్ళ తరబడి వాడితే మెగ్నీషియం తగ్గుతుందని అమెరికా ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరించింది. మెగ్నీషియం తక్కువుంటే ఎంత పొటాషియం ఎక్కించినా నిలవదు. పైగా గుండెపోటు సమయంలో ఒంట్లో పొంగే అడ్రినలిన్ రక్తంలో ఉన్న కాస్త పొటాషియాన్నీ కణాల్లోకి నెట్టేస్తుంది. కండ కణం సంకేతం ఇచ్చాక మళ్ళీ స్థిమితపడటానికి పొటాషియం కావాలి. అది తక్కువున్నప్పుడు గుండె కింది గదులు తమంతట తామే కొట్టేసుకుంటుంటాయి. తర్వాత ల్యాబ్ నుంచి వచ్చిన మెగ్నీషియం 1.5, అదీ తక్కువే.

పొటాషియం క్లోరైడ్ సెలైన్లో కలిపి పంపు మీద పెట్టారు, గంటకి 10 మిల్లీఈక్వివలెంట్లు. సిరంజితో ఒక్కసారి తోస్తే గుండెని ఆపేసే మందు అది, అందుకే చుక్క లెక్క. మోచేతి నుంచి భుజం దాకా నరం మండిపోయింది. ఛాతీ నొప్పి కన్నా ఆ మంటకే ఎక్కువ మూలిగానని మా ఆవిడ అంటుంది. నర్సు ఇంకో సెలైన్ పక్కనుంచి కలిపి నడిపించాక కొంచెం తగ్గింది. వేరే చేతిలో మెగ్నీషియం సల్ఫేట్ 2 గ్రాములు. ఈ మెగ్నీషియానికో చరిత్ర ఉంది. ఒకప్పుడు గుండెపోటు వచ్చిన ప్రతివాళ్ళకీ ఇస్తే మంచిదని ఆశపడ్డారు. 1995లో ఐసిస్-4, 2002లో మ్యాజిక్ అనే పెద్ద పరిశోధనలు వచ్చి, అందరికీ ఇచ్చినందువల్ల ప్రాణాలేమీ ఎక్కువ నిలవలేదని తేల్చాయి. లోటు ఉన్నవాళ్ళకి పూడ్చడం వేరు. నాకు లోటు ఉంది.

పొటాషియం నిండేదాకా ఆగుతారేమో అనుకున్నాను. ఆగలేదు. అది పంపులో నడుస్తూనే ఉంది, నన్ను క్యాత్ ల్యాబ్ వైపు తోస్తూనే ఉన్నారు. తలుపు దాటిన దగ్గర నుంచి బెలూన్ పెట్టేదాకా 90 నిమిషాలు మించకూడదన్నది వాళ్ళ లెక్క. లయ తప్పడానికి మూలకారణం రక్తం అందకపోవడమే కాబట్టి నాళం తొందరగా తెరవడాన్ని మించిన జాగ్రత్త లేదు, మిగతావన్నీ దాని వెనకే.

మా అబ్బాయి అప్పుడే ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చి "నాన్నకి ఆక్సిజన్ పెట్టలేదేంటి?" అని గొడవ పెట్టుకున్నాడు. సినిమాల్లో మాస్క్ చూసి చూసి అదొక అలవాటు. నా రక్తంలో ఆక్సిజన్ శాతం, అంటే శాచురేషన్, 97 ఉంది. అంత ఉన్నప్పుడు ఆక్సిజన్ ఇచ్చినా లాభం లేదని 2017లో స్వీడన్‌లో ఆరు వేల మందికి పైగా రోగుల మీద చేసిన పరిశోధనలో తేలింది. నా ప్రశ్న వేరే: "మెటోప్రొలాల్ ఇంజెక్షన్ ఇవ్వరా?" అడ్రినలిన్‌ని అణిచి లయని కాపాడే మందు కదా, నేను అమ్మేదే. ఆ తిరుపతి డాక్టరమ్మాయి నవ్వింది. "నాడి 46, బీపీ 90. ఇప్పుడిస్తే మిమ్మల్ని మేమే పడేసినట్టు." చైనాలో 45 వేల మందికి పైగా రోగులతో చేసిన కమిట్ అనే పరిశోధన 2005లో వచ్చింది. మొదట్లోనే నరంలోంచి మెటోప్రొలాల్ ఇస్తే ఫిబ్రిలేషన్ తగ్గింది గానీ, గుండె చతికిలబడి ఒంటికి రక్తం చాలని స్థితిలోకి వెళ్ళినవాళ్ళు పెరిగారు. ఇటు మిగిల్చింది అటు పోయింది. వికారానికి ఎమెసెట్ ఎక్కించబోతే కూడా ఆమె ఆపింది. అది ఈసీజీలో క్యూటీని, అంటే గుండె కొట్టుకుని మళ్ళీ స్థిమితపడే సమయాన్ని, సాగదీస్తుంది, పొటాషియం తక్కువున్నప్పుడు మంచిది కాదు. నొప్పికి మాత్రం ఫెంటానిల్ వెంటనే ఇచ్చారు. నొప్పి తగ్గితే అడ్రినలిన్ తగ్గుతుంది, అదీ లయకి మేలే.

హై రిస్క్ కన్సెంట్ మీద మా ఆవిడ సంతకం. అందులో టీపీఐ అని రాసి ఉంటే ఇదేంటని అడిగింది. తాత్కాలిక పేస్‌మేకర్. అవసరమైతేనే వేస్తారు. "అవసరమైతే అప్పుడడగండి" అందట మా ఆవిడ. అప్పుడడగడానికి టైమ్ ఉండదమ్మా అని నచ్చజెప్పారట.

క్యాత్ ల్యాబ్‌లో చలి. కుడి మణికట్టులోంచి గొట్టం పంపుతామన్నారు, కానీ తొడ మొదట్లో కూడా మందు పూసి, మొద్దుబార్చి, సిరలో చిన్న గొట్టం ఒకటి దింపి ఉంచారు. పేస్‌మేకర్ తీగ కోసం దారి. నా ఎడమ పక్క డిఫిబ్రిలేటర్, ప్యాడ్ల వైరు అప్పటికే దానికి తగిలించి ఉంది. ట్రాలీ మీద నాడిని పెంచే అట్రోపిన్ సిరంజిలోకి లాగి పేరు రాసి పెట్టారు. పక్కనే వేగంగా పరుగెత్తే లయని అణిచే అమియోడరోన్ ఆంప్యూళ్ళు, విరవకుండా. షాపువాడి కన్ను కదా, అటే పోయింది. ఏ మందు నింపి పెట్టారు, ఏది ఆంప్యూల్లోనే ఉంచారు అన్నదాన్ని బట్టి వాళ్ళు దేన్ని ముందు ఎదురుచూస్తున్నారో తెలిసిపోయింది.

ఎక్స్‌రేలో కనిపించడానికి కుడి నాళంలోకి డై కొట్టగానే చెవుల్లో హోరు. మానిటర్ శబ్దం ఆగింది. "ఇరుముంగ! నల్లా ఇరుముంగ!" అని డాక్టరు అరిచాడు. దగ్గమంటున్నాడు. దగ్గాను. మళ్ళీ, ఇంకా గట్టిగా. దగ్గిన ప్రతిసారీ ఛాతీలో ఒత్తిడి పెరిగి కాస్త రక్తం మెదడుకి చేరుతుంది, డై కూడా తొందరగా నాళం దాటి పోతుంది. మెలకువగా ఉన్న మనిషి కొన్ని క్షణాలు తనని తాను నిలబెట్టుకునే పద్ధతి అది. వైద్యులు చూస్తుండగా, వాళ్ళు చెప్పినప్పుడే పనికొస్తుంది. ఇంట్లో గుండెపోటు వస్తే దగ్గుతూ కూర్చోమని వాట్సాప్‌లో తిరిగే మెసేజీ నమ్మొద్దు.

అట్రోపిన్ వెళ్ళింది, ఒక ఆంప్యూల్ 0.6 మిల్లీగ్రాములు, తర్వాత ఇంకోటి. నోరు ఎండిపోయింది గానీ నాడి 36 దాటలేదు. కంప్లీట్ హార్ట్ బ్లాక్. అంటే పై గదులు ఒక లెక్కన, కింది గదులు ఇంకో లెక్కన కొట్టుకుంటున్నాయి, మధ్యలో సంకేతం దాటడం లేదు. తొడలో సిద్ధంగా పెట్టిన దారిలోంచి తీగ పోయింది. టెక్నీషియన్ చేతిలో చిన్న పెట్టె, దానికి రెండు మరలు. ఒకటి తిప్పుతూ తగ్గించాడు, పట్టు తప్పగానే మళ్ళీ పెంచాడు, గుండె ఎంత తక్కువ కరెంటుకి పలుకుతోందో చూసుకుని దానికి పైన పెట్టాడు. రేటు 60. తల తేలిపోవడం ఆగింది.

అప్పుడు సన్న తీగ గడ్డని దాటింది, గడ్డని పీల్చారు, బెలూన్ పెట్టారు. ఛాతీలో బరువు తగ్గడం నాకే తెలుస్తోంది. సరిగ్గా అప్పుడే తెర మీద గీతలు మారిపోయాయి. సన్నగా ఉండాల్సినవి వెడల్పయి, వంకరటింకరగా, నిమిషానికి 85 చొప్పున. నేను చదివిన ఫార్మసీ చదువుకి అది కింది గదులు వాటంతటవే పరుగెత్తే వెంట్రిక్యులర్ టాకికార్డియాలాగే కనిపించింది. టెక్నీషియన్ వేలు చార్జ్ బటన్ మీదకి పోయింది. పెద్ద డాక్టరు తల తిప్పకుండానే "వేణ్డాం, విడుంగ. ఏఐవీఆర్. బీపీ పాత్తుక్కోంగ" అన్నాడు. వద్దు, వదిలేయండి, బీపీ చూసుకోండి అని. ఏఐవీఆర్ అంటే కింది గదుల్లోంచే పుట్టి నెమ్మదిగా నడిచే లయ. ఎవరూ ఏ మందూ వేయలేదు. అందరూ తెర చూస్తూ నిలబడ్డారు. వేలు మాత్రం అక్కడే ఉంది. కాసేపటికి గీతలు వాటంతటవే సన్నబడ్డాయి.

తర్వాత ఆ తిరుపతి అమ్మాయిని దీని గురించే ఎక్కువ అడిగాను. నాళం తెరుచుకున్నాక లయ బాగుపడాలి గానీ చెడటమేంటి? ఆమె చెప్పిన పోలిక మద్రాసు ఎండాకాలంలో బతికిన ఎవరికైనా ఎక్కుతుంది. వీధిలో కరెంటు పోయి తిరిగొచ్చిన క్షణం అందరి ఫ్రిజ్‌లు, ఏసీలు, మోటార్లు ఒక్కసారే లేస్తాయి, అప్పుడే ఫ్యూజు ఎగురుతుంది. రక్తం అందనంతసేపు గుండె కణాల్లో ఆమ్లం పేరుకుంటుంది, పొటాషియం బయటికి కారుతుంది. రక్తం తిరిగి రాగానే కణాల్లోకి కాల్షియం పోటెత్తి కొన్ని కణాలు పైనుంచి సంకేతం రాకుండానే కొట్టుకోవడం మొదలెడతాయి. అందులో నెమ్మదిగా నడిచేది ఏఐవీఆర్. బీపీ నిలబడినంతవరకు దాన్ని ముట్టుకోరు, చాలాసార్లు రక్తం మళ్ళీ పారుతోందనడానికి గుర్తు. దాన్ని పొరపాటున అణచబోతే అప్పుడు గుండెని నడిపిస్తున్న ఆ ఒక్క లయా పోయి అంతా ఆగిపోవచ్చు. వేగంగా నడిచే టాకికార్డియా గానీ, ఫిబ్రిలేషన్ గానీ అయితే మాత్రం క్షణం ఆగరు. ప్యాడ్లు ముందే అంటించేది వాటికోసమే.

సీసీయూలో (గుండె రోగుల ఐసీయూ) నన్ను భయపెట్టింది మానిటర్ అలారం. అది మోగినప్పుడల్లా మా ఆవిడ లేచి నర్సు దగ్గరికి పరుగు. పొద్దున పళ్ళు తోముకుంటుంటే తెర మీద ఎర్రగా వీటీ (వెంట్రిక్యులర్ టాకికార్డియా) అని పడి కీచుమంది. ఇద్దరు నర్సులు వచ్చి చూస్తే నేను నోట్లో బ్రష్‌తో కూర్చుని ఉన్నాను. చెయ్యి ఊపుడుకి వైర్లు కదిలి అలా కనిపిస్తుందట. "అంకుల్, ఎడమ చేత్తో మెల్లగా తోమండి" అని చెప్పి పోయారు.

అసలైన ఎక్టోపిక్ బీట్లు, అంటే వేళ కాని వేళ పడే గుండె దెబ్బలు, కూడా పడుతున్నాయి, నడుమ నడుమ ఒకటి వెడల్పుగా. వీటికి మందు వేయరేంటని రౌండ్స్‌లో అడిగాను. నెల్లూరులో నేను పని నేర్చుకున్న నర్సింగ్ హోమ్‌లో పాత కాంపౌండరు చెప్పేవాడు, ఒకప్పుడు గుండెపోటు కేసు రాగానే జైలోకార్డ్ (లిడోకైన్) డ్రిప్ పెట్టేవాళ్ళమని. నిజమే. 1970, 80ల్లో ప్రపంచమంతా అదే చేసింది. లిడోకైన్ ఫిబ్రిలేషన్‌ని తగ్గించింది గానీ చావుల్ని తగ్గించలేదు, కొందరిలో గుండె అసలే ఆగిపోయిందన్న అనుమానం వచ్చాక మానేశారు. అంతకన్నా పెద్ద దెబ్బ క్యాస్ట్ అనే పరిశోధన. గుండెపోటు తర్వాత ఎక్టోపిక్స్ ఎక్కువున్నవాళ్ళు ఎక్కువ చనిపోతున్నారు, కాబట్టి వాటిని అణిచే మాత్రలిస్తే బతుకుతారని అనుకుని మొదలుపెట్టారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ ఎక్టోపిక్స్‌ని చక్కగా అణిచాయి. కానీ ఆ మాత్రలు వాడిన 755 మందిలో 63 మంది, ఉత్తుత్తి మాత్రలు వాడిన 743 మందిలో 26 మంది చనిపోయారు. 1989లో ఆ మందులు మధ్యలోనే ఆపేశారు, పూర్తి లెక్కలు 1991లో అచ్చయ్యాయి. "తెర అందంగా కనిపించడానికి మందివ్వను అంకుల్" అంది ఆ అమ్మాయి. మందులమ్మి బతికేవాడికి ఈ మాట జీర్ణం కావడానికి కొంచెం టైమ్ పట్టింది.

మందివ్వలేదు గానీ రక్తం మాత్రం వదల్లేదు. కొన్ని గంటలకోసారి పొటాషియం చూడటమే. 4 దాటాక పంపు ఆపారు. ఇంకా ఎక్కిస్తే ఇంకా భద్రం కదా అంటే కాదంది. 2012లో అమెరికా ఆసుపత్రుల రికార్డులు తిరగేస్తే, గుండెపోటు రోగుల్లో పొటాషియం 3.5కి, 4.5కి మధ్య ఉన్నవాళ్ళలో చావులు తక్కువట, అటూ ఇటూ పెరిగాయి. తొడలో తీగ ఉన్నంతసేపు ఆ కాలు మడవకూడదు, నడుము పట్టేసింది. మర్నాటికి నా సొంత లయ తిరిగొచ్చింది, తీగ తీసేశారు. కుడి నాళం వల్ల వచ్చే ఈ బ్లాక్ చాలావరకు తాత్కాలికమే. శాశ్వత పేస్‌మేకర్ పెట్టాలేమోనని మా ఆవిడ తిరుమల కొండకి మొక్కుకుంది, మొక్కు బాకీ ఉంది.

ప్యాడ్లు పీకినప్పుడు గీకగా మిగిలిన జుట్టంతా వాటితో పోయింది. బిల్లులో వాటికి రెండు వేల పైచిలుకు. మా బావమరిది బిల్లు పట్టుకుని "వాడనే లేదు కదా బావా, దీనికెందుకు కట్టాలి?" అని కౌంటర్లో వాదనకి దిగాడు. ఒకసారి అంటించిన ప్యాడ్ మళ్ళీ ఎవరికీ పనికిరాదు. మొత్తం బిల్లులో నేను గొణక్కుండా కట్టిన లైను అదొక్కటే. గ్లౌజుల లెక్క దగ్గర మాత్రం నేనూ వాదించాను.

ఇది మా సొంతూళ్ళో అయ్యుంటే అని మా ఆవిడ తలుచుకుని భయపడుతుంది. క్యాత్ ల్యాబ్ దూరమైతే గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ లాంటి ఇంజెక్షన్ దగ్గర్లోనే ఇచ్చి, తర్వాత పెద్దాసుపత్రికి తరలించే పద్ధతి ఉంది. తమిళనాడులో డాక్టర్ అజిత్ ముల్లసరి, డాక్టర్ థామస్ అలెగ్జాండర్ నడిపిన స్టెమీ ప్రాజెక్టు (స్టెమీ అంటే ఎస్టీ ఎలివేషన్ ఉన్న గుండెపోటు) చిన్న ఆసుపత్రుల్ని, అంబులెన్సుల్ని, పెద్దాసుపత్రుల్ని ఇలా ఒక్క తాటి మీదికి తెచ్చింది. ఏడాదిలో చనిపోయేవాళ్ళు తగ్గారని 2017లో ఫలితాలు అచ్చయ్యాయి. ఇంజెక్షన్‌తో గడ్డ కరిగినా రక్తం తిరిగి పారేటప్పుడు ఇదే లయ గొడవ వస్తుంది. కాబట్టి ఇంజెక్షన్ వేసి మామూలు కారెక్కించి పంపితే కుదరదు, మానిటరూ డిఫిబ్రిలేటరూ ఉన్న బండే కావాలి.

ఇంటికొచ్చే ముందు మెటోప్రొలాల్ చిన్న డోసు మొదలుపెట్టారు. నాడి, బీపీ కుదుటపడ్డాయి కాబట్టి ఇప్పుడది పనికొస్తుంది. థయజైడ్ కలిసిన పాత బీపీ మాత్ర తీసేసి రామిప్రిల్ ఇచ్చారు. గుండె పంపింగ్ 48 శాతం ఉంది. లోపల షాక్ ఇచ్చే ఐసీడీ మిషను పెట్టించుకుంటే నిశ్చింత కదా అని మా అబ్బాయి అడిగాడు. గుండెపోటు వచ్చిన 40 రోజుల్లోపు, పంపింగ్ తక్కువున్నవాళ్ళకి పెట్టినా మొత్తం మరణాలు తగ్గలేదని 2004లో డైనమిట్ పరిశోధన చెప్పింది. ఆగి మళ్ళీ ఎకో స్కాన్‌లో పంపింగ్ చూసి, 35 శాతం, ఆ లోపు ఉంటే ఆలోచిస్తారు. నాకు తర్వాతి ఎకోలో 54 వచ్చింది, ఆ చర్చ ముగిసింది.

షాపులో ఇప్పుడు థయజైడ్ కలిసిన బీపీ మాత్ర, గ్యాస్ మాత్ర రెండూ ఏళ్ళ తరబడి కొనేవాళ్ళు వస్తే ఒక మాట అడుగుతున్నాను, పొటాషియం, మెగ్నీషియం ఎప్పుడైనా చూపించుకున్నారా అని. మాత్రలు ఆపమని చెప్పను, అది డాక్టరు చెప్పాల్సిన మాట. కొందరు విసుక్కుంటారు. విల్లివాక్కం నుంచి వచ్చే మా వైపు పెద్దాయన ఒకరు "మందడిగితే టెస్టు చెప్తావేంది నాయనా, ల్యాబువాళ్ళు కమీషనిస్తన్నారా?" అని నలుగురిలో అనేశాడు. పోయిన వారం కాగితం తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. పొటాషియం 3.2. ఆ మాత్ర రాసిన డాక్టరు దగ్గరికే పంపించాను.